డంకన్ ప్రింగిల్‌కి సన్మానం

మన తెలుగువాళ్ళు నలుగురు ఒకచోట చేరితే సంఘం పెడతారు. సంఘం పెట్టాక ఎవరో ఒకరికి శాలువా కప్పందే వాళ్ళకి నిద్రపట్టదు. షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో తెలుగు క్రైస్తవ సహవాసం మొదలైన ఐదేళ్ళకే శాలువా కప్పించుకోని పెద్దమనిషంటూ లేకుండా పోయాడు. కొందరికి రెండేసి కూడా ఉన్నాయి. అందుకే 1982 వేసవిలో, చర్చి బాగోగులు చూసే ముసలాయనకి సన్మానమట అనగానే, “ఇక మనుషులు అయిపోయారు కాబోలు” అని నవ్వినవాళ్ళు లేకపోలేదు. నవ్వనీండి. ఆ సన్మానం తలపెట్టింది ఆనందబాబు. తలపెట్టిన కారణం మంచిదే. అంత మంచి కారణమూ మనవాళ్ళ మైకు ముందుకి వచ్చేసరికి ఏమైపోయిందో తల్చుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ముసలాయన పేరు డంకన్ ప్రింగిల్. స్కాట్లండ్ మనిషి. ఎనభై దాటినా నడుం వంగలేదు. చర్చి తెల్లవాళ్ళది. పొద్దుటి ఆరాధన వాళ్ళు చేసుకుని వెళ్ళాక మధ్యాహ్నం బేస్‌మెంట్ హాలు మనవాళ్ళకి అద్దెకిచ్చేవాళ్ళు. తలుపు తీయడం, చలికాలం బాయిలర్ చూడడం, ఊడ్చడం, మడతకుర్చీలు వెయ్యడం, తియ్యడం, అన్నీ ప్రింగిల్ పనులే. మనవాళ్ళతో ఆయన మాట్లాడే మాటలు రెండే రెండు: “కుర్చీలు గోడకి పెట్టండి”, “వంటగది లైటు ఆర్పండి”. పెద్ద పెద్ద సుత్తులతో ఇనుము సాగగొట్టే ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి పనిచేసి చెవులు పోగొట్టుకున్నాడు. కుడి చెవిలో మిషను ఉండేది, అది ఆయనకి వినిపించిందానికంటే కూసిందే ఎక్కువ. పిల్లలు ఆయనకి ‘చైర్ అంకుల్’ అని పేరు పెట్టారు.

ఆనందబాబుకి ఆయన సంగతి తెలిసింది క్యాబేజీ పుణ్యమా అని. 1979 డిసెంబరులో ఒక ఆదివారం ప్రేమవిందు, అంటే చర్చివాళ్ళంతా కలిసి తినే భోజనం, ఉంది. సామాన్లు దింపుతుంటే ఆనందబాబు భార్య విమలకుమారి చేతిలో కాగితపు సంచి చినిగి, పెద్ద క్యాబేజీ ఒకటి బేస్‌మెంట్ మెట్ల మీద నుంచి గెంతుకుంటూ కిందికి పోయింది. అడుగున ప్రింగిల్ చీపురు పట్టుకొని ఉన్నాడు. దానివైపు సరిగ్గా చూడనైనా చూడలేదు. ఎడమ కాలు కొంచెం వెనక్కి తీశాడు. క్యాబేజీ ఆ బూటు లోపలి పక్కకి వచ్చి అక్కడే చచ్చినట్టు ఆగిపోయింది. బూటు కొసతో దాన్ని గాల్లోకి లేపి, చేత్తో అందుకొని, విమలకుమారికి ఇచ్చేసి మళ్ళీ ఊడ్చుకోసాగాడు.

ఆవిడ థాంక్స్ చెప్పి వంటగదిలోకి వెళ్ళిపోయింది. ఆనందబాబు మాత్రం మెట్ల మీద నించుండిపోయాడు. నరసాపురం వైపు ఒక మిషన్ కాలేజీలో చదివే రోజుల్లో అతను ఫుట్‌బాల్ జట్టుకి లెఫ్ట్ అవుట్, ఎడమ అంచున పరిగెత్తేవాడు. ఉత్తి కాళ్ళతో ఇసక నేల మీద ఆడినవాడు. పైనుంచి ఎగిరెగిరి వచ్చే బంతిని అంత మెత్తగా చంపడం తనకి నాలుగేళ్ళు ఆడినా ఒకటి రెండుసార్లే కుదిరింది. ఈయన క్యాబేజీని చంపాడు, అదీ చీపురు వదలకుండా.

“మిస్టర్ ప్రింగిల్, మీరు ఫుట్‌బాల్ ఆడేవారా?” అని దగ్గరికెళ్ళి అడిగాడు.

ముసలాయన చెవి మిషను సర్దుకున్నాడు. “ఈ దేశం వాళ్ళదా, అసలుదా?”

“అసలుదే.”

“జీతానికి ఆడాను,” అన్నాడు ప్రింగిల్. చీపురు గోడకి ఆనించి, “నా భార్య నెల్ పోయాక ఈ మాట నన్నెవరూ అడగలేదు,” అన్నాడు.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం అందరూ వెళ్ళిపోయాక ఆనందబాబు కుర్చీలు మడవడానికి ఉండిపోయేవాడు. విమలకుమారి హాస్పిటల్లో నర్సు, ఆదివారం సాయంత్రం డ్యూటీ. “ఇంట్లో ఒక్క కుర్చీ జరపమంటే నడుం నొప్పి, ఇక్కడ వంద మడతపెడతారు” అని దెప్పేది. అతను పట్టించుకునేవాడు కాదు. అతనికీ ఊపిరాడని వ్యవహారం ఒకటి ఉంది మరి. ఇండియాలో ఇంజనీరుగా చేసినవాడు, ఇక్కడ మెషిన్ పార్టుల కంపెనీలో డ్రాయింగులు గీసే బల్ల దగ్గర చేరాడు. ఏళ్ళు గడిచాయి, బల్ల మారలేదు. మేనేజర్ అతణ్ణి ‘యాండీ’ అని పిలిచేవాడు. ప్రమోషన్ అడిగినప్పుడల్లా, “నువ్వు లేకపోతే ఆ బల్ల ఏమైపోతుంది, యాండీ?” అని భుజం తట్టి పంపేవాడు. పొగడ్తలా వినిపించే ఆ మాటకి ఆనందబాబు లోపల ఉడికిపోయేవాడు. అందుకే ప్రింగిల్ చెప్పేది అతనికి ఎవరి కథలాగానో అనిపించలేదు.

ప్రింగిల్ పుట్టింది లానార్క్‌షైర్‌లో ఒక బొగ్గు గనుల పల్లెలో. నాన్న గనిలో, పెదనాన్నలు గనిలో, పద్నాలుగో ఏట డంకన్ కూడా గనిలో. సాయంత్రం పైకి వచ్చాక మొహాన మసి కడుక్కోకుండానే బంతి తన్నుకోవడం. 1921లో పక్క టౌను క్లబ్బు అతన్ని ఎడమ వింగ్‌కి తీసుకుంది. పెద్ద క్లబ్బేం కాదు, కింది తరగతిది. రెండేళ్ళకి తమ్ముడు జాక్ కూడా అదే జట్టులో గోల్‌కీపర్‌గా చేరాడు. శనివారం మ్యాచ్ అయ్యాక అన్నదమ్ములిద్దరూ ఒకే సైకిల్ మీద ఇంటికొచ్చేవాళ్ళు. అన్న తొక్కేవాడు, తమ్ముడు వెనకాల కూర్చొని ఆట మొత్తం మళ్ళీ చెప్పేవాడు. ఆ సైకిల్ సంగతి చెప్పేటప్పుడు మాత్రం ప్రింగిల్ మొహంలో నవ్వు కనపడేది.

గొడవ 1925లో వచ్చింది. గ్లాస్గోలో పేరున్న క్లబ్బొకటి డంకన్‌ని అడిగింది. సొంత క్లబ్బు పంపనంది. అప్పటి రూలు ఏమిటంటే, ఒక క్లబ్బులో పేరు నమోదయ్యాక, ఆ క్లబ్బు వదిలితే తప్ప ఆటగాడు ఇంకెక్కడా ఆడకూడదు. ఒప్పందం గడువు తీరిపోయినా సరే, వాళ్ళు జీతం ఇవ్వడం మానేసినా సరే. డంకన్ డైరెక్టర్ల గదిలోకి వెళ్ళి కొంచెం గొంతు పెంచి అడిగాడు. బొగ్గు గనివాడు గొంతు పెంచేసరికి వాళ్ళకి రోషం వచ్చింది. ఆ సీజనంతా అతణ్ణి ఆడించలేదు, పోనివ్వలేదు. మళ్ళీ గనిలోకి దిగాడు. శనివారాలు టికెట్ కొనుక్కుని జనంలో నించొని తన జట్టు ఆట తనే చూసేవాడు.

“అదేం రూలండీ! మనుషులా, పశువులా?” అన్నాడు ఆనందబాబు, చేతిలో కుర్చీ ఠపీమని మూస్తూ.

“పశువునైతే అమ్మేవాళ్ళు కదా,” అన్నాడు ప్రింగిల్.

1926 ఫిబ్రవరిలో ఆ క్లబ్బుకి కప్ పోటీలో పెద్ద జట్టుతో మ్యాచ్ పడింది. ఊరు ఊరంతా ఉత్సాహం. జట్టునంతా తీసుకెళ్ళి సముద్రం ఒడ్డున హోటల్లో పెట్టారు. జాక్ అక్కడ ఉన్నాడు. ఊళ్ళో డంకన్‌కి అమెరికా నుంచి వచ్చిన ఏజెంటు ఒకడు తగిలాడు. మసాచుసెట్స్‌లో బట్టల మిల్లుకి సొంత జట్టు ఉంది, మిల్లులో ఉద్యోగం, శనివారం ఆట, శుక్రవారమే ఓడ అన్నాడు. డంకన్ వెంటనే ఒప్పుకోలేదు. గురువారం గ్రౌండ్‌కి వెళ్ళి సెక్రటరీని మొహం మీదే అడిగాడు: “శనివారం నేను కావాలా? ఒక్కసారి ఆడిస్తానంటే ఎక్కడికీ పోను.” సెక్రటరీ టీ తాగుతూ, “నువ్వు మళ్ళీ ఈ చొక్కా వేసుకోవు, ప్రింగిల్,” అన్నాడు. డంకన్ ఇంటికొచ్చి పెట్టె సర్దుకున్నాడు. తల్లికి వెళ్తున్నానని చెప్పాడు గానీ సెక్రటరీ మాట చెప్పలేదు. చెప్తే ఆవిడ ఏడుస్తుందనుకున్నాడు. తమ్ముడికి కబురు పెట్టే వ్యవధి లేదు.

శుక్రవారం రాత్రి జట్టులో ఎడమ వింగ్ కుర్రాడికి జ్వరం వచ్చింది. క్లబ్బు వాళ్ళు డంకన్ కోసం మనిషిని పంపారు. అప్పటికి అతను ఓడలో ఉన్నాడు. శనివారం ఎవరో ఒకణ్ణి దింపి ఆడారు. ఏడు గోల్స్ పడ్డాయి, ఏడూ జాక్ చేతుల్లోంచే. సోమవారం పేపర్లో డైరెక్టరుగారి మాట అచ్చయింది: జట్టులో ఉండాల్సినవాడు, మాట మాత్రం చెప్పకుండా మ్యాచ్ ముందు పారిపోయాడని. సీజను చివర జాక్‌ని తీసేశారు. జాక్ గనిలోకి దిగి, ఊపిరితిత్తులు పాడయ్యేదాకా అందులోనే ఉండిపోయాడు. అన్న రాసిన ఉత్తరాలన్నీ విప్పకుండానే తిరిగొచ్చాయి.

“పేపర్లో వాళ్ళు ఏం రాసినా నాకు లెక్కలేదు,” అన్నాడు ప్రింగిల్. “జాక్ నమ్మాడు. అదీ.”

అమెరికాలో ఆట బాగానే సాగింది, ఉన్నన్నాళ్ళు. మిల్లు గ్రౌండ్ అసలు బేస్‌బాల్‌ది. మిగతా అంతా గడ్డి, ఒక పక్క మాత్రం గట్టి మట్టి. సగం ఆట ఆ పక్కే ప్రింగిల్ పరిగెత్తాల్సింది. మోకాళ్ళు ఎప్పుడూ చీరుకుపోయి ఉండేవి. మూడు సీజన్లు ఆడాక షేర్ మార్కెట్ కుప్పకూలింది, మిల్లు మూతపడింది, జట్టు మాయమైంది. వెనక్కి వెళ్దామంటే స్కాట్లండ్‌లో అతన్ని ఆడకుండా నిషేధించారు. పాత క్లబ్బు ఇంకా వదల్లేదు మరి! ముప్ఫై నిండకుండానే ఆటగాడిగా పనికిరానివాడయ్యాడు. షికాగో వచ్చి ఫ్యాక్టరీలో చేరాడు. తల్లి పోయిన సంగతి కొన్ని నెలల తర్వాత పక్కింటివాళ్ళ ద్వారా తెలిసింది. పిల్లల్లేరు. నెల్ పోయాక ఈ చర్చిలో తాళంచెవులు పుచ్చుకున్నాడు. ఇంతే ఆయన కెరీరు. రికార్డు పుస్తకంలో వెతికితే ఒక్క లైను కూడా ఉండదు.

1982 మే నెలలో ప్రింగిల్ ఇంటికి ఫోనొచ్చింది. జాక్ కూతురు మిల్వాకీలో కాపురం ఉంటోందట. నాన్న నెల రోజులుగా తన దగ్గరే ఉన్నాడని, చెప్పొద్దన్నా ఉండబట్టలేక చేస్తున్నానని చెప్పింది. ప్రింగిల్ వెంటనే ఆ నంబరుకి చేశాడు. గొంతు వినగానే జాక్ ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ కూతురే చేసింది. “నాన్న మీ ఇంటికి రాడు. కానీ జూన్‌లో ఆదివారం సాయంత్రం షికాగో ఓ హేర్ ఎయిర్‌పోర్ట్‌లో స్కాట్లండ్‌కి తిరుగు ఫ్లైటుంది. మా నాన్న చర్చి పెద్ద. చర్చిలో మీటింగుకి పిలిస్తే కాదనడు, కూర్చున్నాక మధ్యలో లేవడు. పుట్టి బుద్ధెరిగి ఏ మీటింగులోంచీ లేవలేదు. ఏదైనా మీటింగు ఉంటుందా?” అని అడిగింది.

ఈ సంగతి ప్రింగిల్ చెప్పగానే ఆనందబాబు ఎగిరి గంతేసినంత పని చేశాడు. మీటింగా? మీటింగులు పెట్టడంలో మనల్ని మించినవాళ్ళెవరు? “మా సహవాసం తరఫున మిమ్మల్ని హానర్ చేస్తాం. తమ్ముణ్ణి ముందు వరసలో కూర్చోబెడతాం. మీరు మైకు పుచ్చుకుని గురువారం ఏం జరిగిందో చెప్పండి. మూడు నిమిషాలు చాలు,” అన్నాడు.

ప్రింగిల్ కుర్చీలో కూలబడ్డాడు. “నా గొంతు రాకపోతే?”

“రాకపోతే మా ప్రెసిడెంట్ ఉన్నారు. ఆయనకి అంతా చెప్పి ఉంచుతాను.”

ఆ ప్రెసిడెంట్ దైవాశీర్వాదంగారు. ఒకప్పుడు మిషన్ కాలేజీలో ఆనందబాబుకి చరిత్ర చెప్పిన లెక్చరర్. కొడుకు దగ్గరికొచ్చి ఇక్కడ స్థిరపడి, సహవాసానికి పెద్దయ్యారు. మనిషి వెన్న. ఎవరింట్లో జబ్బు చేసినా ముందు వచ్చేది ఆయనే. కానీ మైకు చేతికొస్తే ఆయన ఆయన కాదు. ఆనందబాబు వాళ్ళింటికి వెళ్ళి, టీ చల్లారిపోయేదాకా కూర్చొని గనీ, క్లబ్బూ, గురువారం, సెక్రటరీ మాటా పూసగుచ్చినట్టు చెప్పాడు.

“ఆహా, ఏం జీవితమయ్యా!” అన్నారు దైవాశీర్వాదంగారు, కళ్ళు తుడుచుకుంటూ. నిజంగానే తుడుచుకున్నారు.

“ఒక్కటే మాస్టారూ. ప్రోగ్రాంలో ఆయన స్పందన ముందు పెడదాం. తమ్ముడు షార్ప్ ఫోర్‌కి ఎయిర్‌పోర్ట్‌కి స్టార్ట్ అవ్వాలి.”

“సన్మానం కాకుండా స్పందన ఏంట్రా? పెళ్ళి కాకముందే అప్పగింతలు పెడతారా ఎక్కడైనా?”

“అది కాదు మాస్టారూ—”

“రెండింటికి మొదలెడితే నాలుగుకి రెండు గంటలు టైముంది. మూడు నిమిషాల మాటకి రెండు గంటలు చాలవూ? పద్ధతిని పద్ధతిగా చేద్దాం. తెల్లవాళ్ళు వస్తున్నారు, మన పరువు విషయం.”

ఆనందబాబు ఇంకోసారి అడగాల్సింది. అడగలేదు. క్లాసులో చెయ్యెత్తి కూర్చున్న రోజులు మనిషిని అంత తొందరగా వదలవు.

ఆ ఆదివారం జాక్ ప్రింగిల్ రెండింటికి ఇంకా పావుగంట ఉందనగా వచ్చాడు. అన్నకంటే పొట్టి, దగ్గు, నల్ల సూటు. కూతురు చెయ్యి పట్టుకుని దిగి, ముందు వరసలో కూర్చుని టోపీ ఒళ్ళో పెట్టుకున్నాడు. వేదిక మీద అన్న లేచి నించున్నాడు. జాక్ తల కొంచెం ఆడించాడు. అంతే. యాభై ఆరేళ్ళకి అది. ప్రింగిల్ మళ్ళీ కూర్చొని మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు.

హాల్లో ఆ ముగ్గురూ, ఆనందబాబు దంపతులూ, మైకు టెస్ట్ చేస్తున్న కుర్రాళ్ళూ తప్ప ఎవరూ లేరు. రెండైంది. రెండుంపావైంది. ముఖ్య అతిథి డాక్టరుగారు నలభై నిమిషాల దూరంలో ఉన్న నేపర్‌విల్‌లో అప్పుడే బయల్దేరారట. జనం మెల్లగా, నవ్వుకుంటూ, పిల్లల్ని అదిలించుకుంటూ దిగుతున్నారు. ఆనందబాబు జాక్ దగ్గరికెళ్ళి కాఫీ ఇవ్వనా అని అడిగాడు. “మా దగ్గర రెండు గంటలంటే రెండు గంటలే,” అన్నాడు జాక్. కోపంగా కాదు, ఉన్న మాటలాగే అన్నాడు. ఆనందబాబుకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మూడుకి పది నిమిషాలుండగా ప్రార్థనతో మొదలైంది. ఆ ప్రార్థనలో ఇండియా, అమెరికా, రెండు దేశాల ప్రభుత్వాలూ, ఫాక్‌లండ్స్ యుద్ధమూ, వేదిక మీద ఉన్న ప్రతి ఒక్కరూ వచ్చారు. తర్వాత స్వాగత గీతం. తర్వాత సండే స్కూల్ పిల్లల యాక్షన్ సాంగ్, బాగుందని ఎవరో అనడంతో ఇంకొకటి. తర్వాత డాక్టరుగారు తను ఎంత కష్టపడి పైకొచ్చారో చెప్పారు. ఫుట్‌బాల్ ప్రస్తావన ఆయన కూడా తెచ్చారు, చిన్నప్పుడు తనకి ఆటలంటే పడేది కాదని. ఆనందబాబు గోడ పక్కన నించుని గడియారం వైపు, మైకు వైపు, జాక్ టోపీ వైపు మార్చి మార్చి చూస్తూ ఉడికిపోతున్నాడు. జాక్ కదల్లేదు. కూతురు చెప్పింది నిజమే, మీటింగులో ఆయన రాయిలా కూర్చున్నాడు.

మూడున్నర దాటాక దైవాశీర్వాదంగారు లేచారు. మైకు ముందుకి ప్రింగిల్‌ని పిలిచి పక్కనే నిలబెట్టుకున్నారు. వెంటనే చెవి మిషను కుయ్యిమని కూసింది. జనం చెవులు మూసుకున్నారు. “సర్, ప్లీజ్, కొంచెంసేపు ఆఫ్ చేయండి,” అని దైవాశీర్వాదంగారు సైగ చేశారు. ప్రింగిల్ బుద్ధిగా మిషను తీసి జేబులో వేసుకున్నాడు. ఇక ఆయనకి ఒక్క ముక్క వినపడదని ఆనందబాబుకి తెలుసు. అయినా ఇంకా ఆశే. మాస్టారికి అంతా చెప్పాడు కదా.

అతిథుల కోసం ఉపన్యాసం ఇంగ్లీషులోనే సాగింది. గని, మసి, సైకిలు, అన్నీ వచ్చాయి. ఏ కళ్ళజోడూ లేకుండా, ఏ కాగితమూ లేకుండా మాస్టారు గలగలా చెప్తుంటే ఆనందబాబుకే ఒక్క క్షణం గర్వంగా అనిపించింది. గురువారం దగ్గరికి వచ్చారు. అక్కడే బండి పట్టాలు తప్పింది. సన్మానంలో సెక్రటరీ చేత ఛీ అనిపించుకున్నవాడి కథ చెప్తే బాగుంటుందా? బాగుండదు. శాలువా కప్పే మనిషి వీరుడు కావాలి.

“ఆ సంకెళ్ళని మన డంకన్‌గారు తెంచుకున్నారు!” అన్నారు దైవాశీర్వాదంగారు. “పెద్ద మ్యాచ్ ముందుంది. ఊరంతా ఆయన మీదే ఆశ పెట్టుకుంది. అయినా ఆగారా? ఆగలేదు! ఎవరికీ చెప్పలేదు! జట్టు ఏమవుతుందని చూడలేదు, తల్లి ఏమవుతుందని చూడలేదు, గోల్ దగ్గర నించున్న తమ్ముడు ఏమవుతాడని చూడలేదు! దేవుడు అమెరికాకి పిలిచాడు, ఆయన ఓడెక్కాడు! ఇక్కడున్న మనమందరమూ అలా ఓడెక్కినవాళ్ళమే కదా! ఆ ధైర్యానికే ఈ శాలువా!”

చప్పట్లు మోగిపోయాయి. అందరూ అలా ఓడెక్కినవాళ్ళమే అనేసరికి అందరికీ అది తమకే కప్పిన శాలువా అనిపించింది. ప్రింగిల్‌కి చప్పట్లు మాత్రం కనిపించాయి. ఆయన మర్యాదగా తలూపాడు. మాస్టారు చెయ్యి ఊపినప్పుడల్లా తలూపుతూనే ఉన్నాడు.

ఆనందబాబు జేబులోంచి కాగితం ముక్క తీసి, ‘మాస్టారూ, అది తప్పు. గురువారం సంగతి చెప్పండి. లేదా ఆయనకి మైకివ్వండి’ అని గీకి పంపాడు. దైవాశీర్వాదంగారు దాన్ని విప్పి చూసి, మడిచి జేబులో పెట్టుకుని, “టైము తక్కువని చీటీ వచ్చింది, కానీ ఇలాంటి జీవితానికి టైము చూడకూడదు,” అన్నారు. మళ్ళీ చప్పట్లు. పైకెక్కి మైకు లాక్కోవచ్చు. నాలుగడుగులు వేస్తే చాలు. ఆనందబాబు ఒక అడుగు వేశాడు కూడా. మాస్టారు మాట్లాడుతుండగా అడ్డం వెళ్ళడమన్న ఆలోచన రాగానే కాళ్ళు ఆగిపోయాయి. ఆ తర్వాత తన కాళ్ళని తనే ఎన్నిసార్లు తిట్టుకున్నాడో చెప్పలేం.

నాలుగైంది. శాలువా కప్పారు, దండ వేశారు, ఫొటో కోసం మళ్ళీ ఒకసారి వేశారు. కూతురు వంగి జాక్ చెవిలో ఏదో చెప్పింది. మీటింగు ముగియకుండా లేవని మనిషి లేచాడు. వేదిక మీద ఉన్న అన్న వైపు చూసి టోపీ పెట్టుకుని, అంచు ముట్టుకుని, మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

ఆనందబాబు వెనకాలే పరిగెత్తి పార్కింగ్‌లో పట్టుకున్నాడు. “సర్, ఆయన చెప్పింది నిజం కాదు. మీ అన్నగారు గురువారం గ్రౌండ్‌కి వెళ్ళారు. ఆడిస్తారా అని అడిగారు. ‘నువ్వు మళ్ళీ ఈ చొక్కా వేసుకోవు’ అన్నాడు సెక్రటరీ. ఆ తర్వాతే—”

“ఇది నాతో చెప్పమని డంకన్ నిన్ను పంపాడా?”

“లేదు సర్, ఆయనే చెప్పాలనుకున్నారు. ఈ మీటింగు పెట్టిందే అందుకు.”

“వాడు ఆ పెద్దమనిషి పక్కనే నించున్నాడు,” అన్నాడు జాక్. “ప్రతి మాటకీ తలూపాడు. నా కళ్ళతో చూశాను.”

“ఆయనకి వినపడలేదు సర్! మిషను తీసేశారు!”

జాక్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. అబద్ధమాడుతున్న పిల్లాణ్ణి క్షమించినట్టు ఉంది ఆ చెయ్యి. “నువ్వు మంచివాడివి. వాడికి నీలాంటి స్నేహితుడు ఉన్నందుకు సంతోషం. ఇన్నేళ్ళూ వాడు ఆ పనికి సిగ్గుపడుతున్నాడని అనుకున్నాను. సిగ్గుపడేవాణ్ణి క్షమించొచ్చు. అందుకే వచ్చాను. గర్వపడుతున్నాడని ఇవాళ తెలిసింది.” దగ్గుకుంటూ కారెక్కాడు. కూతురు స్టీరింగ్ పట్టుకుని ఎదురుగా చూస్తోంది, ఇటు తిరగలేదు. కారు వెళ్ళిపోయింది.

కిందికి దిగేసరికి హాలు మళ్ళీ చప్పట్లతో మోగుతోంది. “ప్రింగిల్‌గారు ఏమన్నారు?” అని విమలకుమారిని అడిగాడు.

“ఏం మాట్లాడలేదండీ. ‘నేను చెప్పాల్సిందంతా మీ ప్రెసిడెంట్ చెప్పేశారు, థాంక్స్’ అని కూర్చున్నారు. పాపం, ఎంత సింపుల్ మనిషో.”

ఆనందబాబు తిన్నగా దైవాశీర్వాదంగారి దగ్గరికెళ్ళాడు. నోరు తెరిచేలోగా ఆయనే భుజం మీద చెయ్యేసి, “తమ్ముడు కళ్ళార్పకుండా విన్నాడు, చూశావా? చెప్పానా, పద్ధతి ప్రకారం చేస్తేనే అందం,” అన్నారు. ఆయన కళ్ళలో నిజమైన సంతోషం ఉంది. ఆనందబాబుకి మాత్రం ఆ హాల్లో ఉన్న ప్రతి కుర్చీని ఎత్తి గోడకేసి కొట్టాలనిపించింది.

జనం తిని వెళ్ళిపోయారు. ప్రింగిల్ శాలువా భుజాన ఉండగానే కుర్చీలు మడవడం మొదలుపెట్టాడు. చెవి మిషను మళ్ళీ పెట్టుకున్నాడు. ఆనందబాబు రెండో వరస నుంచి మొదలుపెట్టాడు, ఆయన మొహం చూడకుండా.

“నువ్వు బయటికి వెళ్ళావు కదా, బాబూ, జాక్‌తో,” అన్నాడు ప్రింగిల్. “మీ ప్రెసిడెంట్ గురువారం సంగతి చెప్తున్నప్పుడు నేను జాక్ మొహమే చూస్తున్నాను. చాలాసేపు నా వైపు అలాగే చూశాడు. ఏమన్నాడు?”

నిజం చెప్పేద్దామనుకున్నాడు ఆనందబాబు. ఫ్లైటు ఇంకా ఎగిరి ఉండదు, ఇప్పుడే బయల్దేరితే ఓ హేర్‌లో పట్టుకోవచ్చేమో. పట్టుకుని ఏం చెప్పాలి? నమ్మనివాడికి మళ్ళీ అదే చెప్పాలా? ముసలాయన కుర్చీని సగం మడిచి అలాగే పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. యాభై ఆరేళ్ళ నుంచీ ఎదురుచూస్తున్న మనిషి. జాక్ మాటల్లో చివరి ముక్క ఒక్కటే ఆనందబాబు నాలుక మీదికి వచ్చింది.

“ఇవాళ తెలిసింది అన్నారు.”

ప్రింగిల్ ఆ కుర్చీని మళ్ళీ విప్పి దాని మీద కూర్చున్నాడు. శాలువా కొసతో కళ్ళు ఒత్తుకున్నాడు, చాలాసేపు. తర్వాత లేచి ఆనందబాబు చెయ్యి రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

“మీ ప్రెసిడెంట్‌కి నా థాంక్స్ చెప్పు, బాబూ,” అన్నాడు. “నేనైతే అంత బాగా చెప్పగలిగేవాణ్ణి కాదు.”